అటక మీది త్రీనాట్‌త్రీ

ఏజెన్సీలో ఏ ఇంటి అటక మీద పాత తుపాకీ దొరికినా అది అల్లూరివారి కాలంనాటిదేనంటారు. పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి, తుడిచి, బిగించడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి. తాత పోయాక పెట్టె అడుగున తుపాకీ కనబడిందని అరకు, పాడేరు వైపు కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇవి.

1. ముందు గొట్టం ఎటుందో చూడండి, ఎవరివైపూ ఉండకూడదు. ఖాళీదేనని ఇంట్లో ఎంతమంది చెప్పినా నమ్మవద్దు. వేలు ట్రిగ్గర్ దాపులకు పోకూడదు. పిల్లల్ని బయటికి పంపండి.

2. మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకీ అయితే మరీ జాగ్రత్త. ఇటుకల పండుగ వేటకో, చేల మీద పడే అడవి పందుల కోసమో ఎప్పుడో దట్టించి, పేల్చకుండానే చూరులో పెట్టేసి ఉంటారు. ఆ మందు ఏళ్ళు గడిచినా చావదు. మేం గొట్టంలోకి చెక్క పుల్ల దించి, అది దిగినంత లోతును బయటివైపు ఆనించి కొలుస్తాం. పుల్ల అడుగుదాకా పోలేదంటే లోపల ఏదో ఉన్నట్టే. అది ఆర్మరర్ పని, మీరు చెయ్యకండి.

3. పొడవాటి చెక్క, పక్కన బోల్టు, కింద పది తూటాల మ్యాగజైన్ ఉంటే అది లీ ఎన్‌ఫీల్డ్, మన నోట త్రీనాట్‌త్రీ. మడమ చెక్క మొదలయ్యే చోట, కుడివైపు ఉక్కు పట్టీ మీద చదవండి. కిరీటం, దాని కింద జీ ఆర్ ఐ అనే అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం ఉంటే, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తెల్లదొరల కాలంలో చేసినదన్నమాట. బోల్టు పిడి మీది నంబరూ తుపాకీ నంబరూ ఒకటి కాకపోతే బోల్టు మారిందని అర్థం. డీ పీ అని ముద్ర ఉంటే అది కవాతు కోసమే, పేల్చడానికి పనికిరానిది. గొట్టం లోపల మెలికల గాళ్ళు లేకుండా నున్నగా ఉంటే, పోలీసులకూ కాపలావాళ్ళకూ మార్చి ఇచ్చిన .410 మస్కెట్ కావచ్చు.

4. ఇక అల్లూరివారి సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి, మూడుచోట్లా కలిపి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. మీ తాత తుపాకీ మీద 1943 అని ఉంటే దానికీ ఆ దాడికీ ఏ సంబంధమూ లేదు. ముద్ర ఉన్నచోట కథ నిలవదు. ఈ మాట చెబితే కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

5. తాత ఆస్తి మనదే కదా అంటారు. పొలం సంగతి వేరు, తుపాకీ సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు పోయాక వారసులు ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో తుపాకీని అప్పగించాలి. తర్వాత వారసులుగా లైసెన్సు కోరవచ్చు, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. అయితే త్రీనాట్‌త్రీ, .410 మస్కెట్ రెండూ ప్రొహిబిటెడ్ బోర్ కింద వస్తాయి. ఆ లైసెన్సు కలెక్టరు ఇచ్చేది కాదు, కేంద్ర హోం శాఖదాకా పోవాలి. సామాన్యుడికి వస్తుందని నేను ఆశ పెట్టను. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికి అదే చట్టంలో 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అది పేలదని తేల్చాల్సింది మీరూ కాదు, మీ బావమరిదీ కాదు.

6. ఇసుక కాగితం పెట్టి రుద్దకండి. ముద్రలు పోతే గుర్తూ పోతుంది. నంబరు చెరిగితే కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

7. ఒక్కసారి పేల్చి చూస్తామంటారు, వద్దు. గొట్టంలో తుప్పు, చెక్కలో పగులు, తూటాలో పాత మందు, వీటిలో ఏ ఒక్కటి చాలు మొహం పోవడానికి. ట్రిగ్గర్ నొక్కినా పేలని పాత తూటా కొన్ని క్షణాలాగి పేలిన సందర్భాలున్నాయి.

8. అప్పగించడానికి తుపాకీ భుజాన వేసుకుని స్టేషన్‌కు నడిచి రాకండి. మన కొండల్లో కూంబింగ్ పార్టీలు తిరుగుతుంటాయి, చెట్ల మధ్య తుపాకీతో కనబడిన మనిషి ఎవరో దూరం నుంచి తెలియదు. ఉన్నది ఉన్నచోటే ఉంచి, గది తలుపు వేసి, 112కి ఫోన్ చెయ్యండి. వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.