ఆరంభశూరత్వాన్ని దాటిన బలసాధన



హాస్టల్ తెరిచిన జూన్ నెలలో కొత్త నోటుపుస్తకాలతో పాటు కొత్త నిర్ణయాలు కూడా వస్తాయి. తెల్లవారుజామునే లేచి దండీలు, బస్కీలు తీసేవారితో వరండా నిండిపోతుంది. వినాయక చవితి నాటికి సగం మంది తగ్గుతారు. దసరా సెలవులు అయ్యాక ఒకరిద్దరు మిగిలితే గొప్ప. దీనికే మన పెద్దలు ఆరంభశూరత్వం అని పేరు పెట్టారు. వ్యాయామం మొదలుపెట్టమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. మొదలుపెట్టినదాన్ని మూడో నెలలోనూ, మూడో ఏటా ఎలా నిలుపుకోవాలో తెలుసుకుందాం.

మన పక్కనే ఉన్న పాఠం

తెనాలి నుంచి చీరాల వైపు రైలులో వెళితే బాపట్ల దాటాక స్టువర్టుపురం వస్తుంది. రేపల్లె తమ్ముళ్లు తెనాలిలో బండి మారితే చాలు. 1913లో బ్రిటిష్ పాలకులు ఎరుకల కుటుంబాలపై నేరస్థ జాతి అనే ముద్ర వేసి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో వారిని ఉంచిన ఊరది. స్వాతంత్ర్యం తర్వాత ఆ చట్టం రద్దయినా, ఊరి పేరు చెబితే జనం అనుమానంగా చూడడం చాలా ఏళ్లు పోలేదు.

ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్. హైదరాబాదు దగ్గరి హకీంపేట క్రీడా పాఠశాలలో, అంటే మనలాగే ఇంటికి దూరంగా ఉండి శిక్షణ పొందాడు. 2014లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించాడు. ఈ రెండు పతకాల మధ్య నాలుగేళ్లున్నాయి. పత్రికల్లో మనం చూసింది రెండు రోజులే. మిగిలినవన్నీ ఎవరూ చప్పట్లు కొట్టని రోజులు.

చెల్లెళ్లు శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరిని గుర్తుచేసుకోవాలి. 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, మరో ఐదేళ్లు సాధన చేసి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి మొత్తం 242.5 కిలోలు. ఏళ్ల తరబడి సాధన చేసినవారి మధ్య తేడా రెండున్నర కిలోలే! బలం అంత చిన్న మెట్లలో పెరుగుతుంది.

ఎందుకు మానేస్తాం?

మొదటి కారణం అద్దం. సాధన మొదలైన తొలి వారాల్లో బలం పెరుగుతుంది గాని కండ కనిపించదు. అప్పుడు పెరిగే బలంలో ఎక్కువ భాగం మెదడు, నరాలు కండరాలను బాగా వాడుకోవడం నేర్చుకున్నందువల్ల వస్తుంది. కండ కంటికి కనబడాలంటే నెలలు పడుతుంది. అద్దాన్ని నమ్మినవాడు నెలలోనే నిరాశపడతాడు.

రెండో కారణం అతి. మొదటి రోజే వంద బస్కీలు తీసి, మర్నాడు మెట్లు దిగలేక మంచం పట్టేవారున్నారు. మూడోది ‘తప్పిపోయింది, ఇక అయిపోయింది’ అనుకోవడం. జ్వరం వచ్చో, పరీక్షలు వచ్చో వారం ఆగితే మొత్తం పోయినట్లే భావిస్తాం. నిజానికి రెండు వారాలు ఆగినంత మాత్రాన సంపాదించిన బలం పెద్దగా తగ్గదు. తగ్గినా, మొదటిసారి కంటే త్వరగా తిరిగి వస్తుంది.

కొనసాగించే పద్ధతి

1. వారానికి మూడు రోజులు చాలు. ఐదు నుంచి పదిహేడేళ్ల వారు వారంలో కనీసం మూడు రోజులు కండరాలను, ఎముకలను బలపరిచే పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆటల బెల్లు కొట్టగానే మొదలుపెట్టండి. టైము మనం వెతుక్కోనక్కరలేదు, బెల్లే చెబుతుంది. ఈ సౌకర్యం ఇంట్లో ఉండి చదివేవారికి లేదు.

2. నాలుగు పనులు పెట్టుకోండి. దండీలు, బస్కీలు, గట్టి కడ్డీకి వేలాడి గడ్డాన్ని పైకి తేవడం, రెండు చేతులా నీళ్ల బకెట్లు మోయడం. జిమ్ము ఫీజు అక్కర్లేదు. మొదట సగం బకెట్లతోనే నడవండి. ఇనుప బరువులు మాత్రం పి.ఇ.టి. సార్ దగ్గర లేకుండా ముట్టుకోవద్దు. కీలు నొప్పెడితే ఆపి, వార్డెన్ సార్‌కు చెప్పండి.

3. లెక్క రాయండి. పాత నోటుపుస్తకంలో తేదీ వేసి, ఏది ఎన్ని చేశారో రాసుకోండి. జూలైలో ఎనిమిది దండీలు తీసినవాడు నవంబరులో పద్దెనిమిది తీస్తే అద్దం చెప్పని నిజం ఆ పుస్తకం చెబుతుంది. అంకె సులువైతేనే ఒకటో రెండో పెంచండి.

4. కష్టకాలానికి చిన్న కొలత ఉంచుకోండి. పరీక్షల రోజుల్లో ఒక్కో పని ఒక్క విడత, మొత్తం పది నిమిషాలు. 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. కాబట్టి పక్కవాడితో పోల్చుకోవద్దు. ఒకసారి తప్పితే తర్వాతి వంతు తప్పనివ్వకండి.

5. జత కట్టండి. ఒకడికి బద్ధకం వేసిన రోజున రెండోవాడు లేపుతాడు.

6. మెస్సులో పెట్టింది వదలకండి. ఒక కోడిగుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. పప్పు, శనగలు, పల్లీ చిక్కీ కండకు మంచి ఆహారమే. డబ్బాల్లో అమ్మే పొడులకు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవద్దు. కండ త్వరగా వస్తుందని ఎవరైనా సూదులు, మాత్రలు చూపిస్తే దగ్గరికి రానివ్వకండి. అవి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

సెలవులే అసలు పరీక్ష

దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో బెల్లుండదు, జతగాడుండడు. అందుకని ట్రంకు పెట్టెలో బట్టలతో పాటు ఆ నోటుపుస్తకమూ పెట్టుకెళ్లండి. ఇంటి దగ్గర చేలో పని, మూటలు మోయడం ఉంటే అదీ శ్రమే, అదీ రాసుకోండి. తిరిగి వచ్చాక ఆగిన చోటు నుంచి కాక, రెండు మెట్లు కింద నుంచి మొదలుపెట్టండి.

ఈ బలం దేనికి?

మనలో చాలామందికి ఉద్యోగం ఇంటి దీపం. రైల్వే లెవెల్-1 ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 35 కిలోలు, ఆడపిల్లలు 20 కిలోలు మోసుకుంటూ, మధ్యలో దించకుండా 100 మీటర్ల దూరాన్ని 2 నిమిషాల్లో చేరాలి. ఇచ్చేది ఒక్కటే అవకాశం. రాతపరీక్ష గట్టెక్కాక, కాల్ లెటరు చేతికొచ్చాక బలం కోసం వెతికితే దొరకదు. ఎనిమిదో తరగతిలో సగం బకెట్లతో మొదలుపెట్టినవాడికి ఆ రోజు అది కొత్త బరువు కాదు.

ఉద్యోగం రాకముందే మరో లాభం కూడా ఉంది. చెప్పిన రోజున చెప్పిన పని చేశానని నోటుపుస్తకం చూసుకునే విద్యార్థికి లెక్కల పుస్తకం తెరవడమూ అంత కష్టమనిపించదు. వచ్చే సోమవారం ఆటల బెల్లుకు మొదటి తేదీ వేయండి. వచ్చే ఏడాది వార్షికోత్సవం నాటికి ఆ పుస్తకంలో ఎన్ని పేజీలు నిండాయో మీరే లెక్కపెట్టుకోండి.