కుంట మోటారు తిరుగుతుంది, ధార సన్నబడుతుంది

ప్రశ్న: సాగర్ కాలువ నీళ్లు కుంటలో నింపుకొని మిరపకు డ్రిప్ పెడుతున్నాను. పది నిమిషాలు బాగా పోసి ధార సన్నబడుతోంది. పంపు మార్చాలా?
– ఒక రైతు, దర్శి ప్రాంతం

జవాబు: పంపు మార్చకండి, డబ్బు దండగ. మోటారు ఆపి అరగంటాగి వేస్తే ధార మళ్లీ నిండుగా వస్తోందా? అయితే ఇబ్బంది చాలావరకు ఫుట్‌వాల్వు జల్లెడ దగ్గరే. పంపు పీలుస్తున్నంతసేపూ నాచు దానికి అతుక్కుంటుంది, ఆపగానే కొంత రాలిపోతుంది.

ఫ్యూజులు పీకేశాకే పైపు గట్టుకు లాగండి. స్టార్టరు ఆపితే చాలదు, ఈ మాట మరీ మరీ చెబుతున్నాను. జల్లెడ మీద నాచు తడిసిన దూదిలా పట్టి ఉంటుంది, సందుల్లో రేగడి బురద. బ్రష్షుతో రుద్ది కడగండి. లోపలి వాచరు కింద చిన్న పత్తి పుల్ల ఇరుక్కున్నా వాల్వు మూసుకోదు. బిగించాక పైపు నిండా నీళ్లు పోసి చూడండి. మట్టం దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే.

ఫుట్‌వాల్వు అడుగు బురదలోనూ, పైన తేలే నాచులోనూ ఉండకూడదు. ఖాళీ ప్లాస్టిక్ క్యాను కట్టి నడిమి నీళ్లలో వేలాడదీయండి. కుంట తగ్గేకొద్దీ తాడు సరిచూసుకోండి. డ్రిప్ ఫిల్టరుకు ముందూ వెనకా గేజీల్లో అరకేజీ తేడా కనిపిస్తే దాన్నీ కడగండి.

యూరియా చల్లిన చేల నీరు కుంటలోకి దిగనివ్వకండి, నాచుకు బలం అదే. నాచు చావాలని కలుపు మందు మాత్రం పోయొద్దు. ఆ నీళ్లే మీ మిరప వేళ్లకు చేరతాయి.