డబ్బా ఎక్కడ పెట్టారో అక్కడే

మా అమ్మాయికి పదమూడేళ్ళు వచ్చేదాకా నేను దాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పుట్టుకతో చూపు లేని పిల్ల, కాలుతుందేమోనని భయం. ఒకరోజు పొయ్యి మీద పోపు పెట్టి నేను ఫోను మాట్లాడుతుంటే గడప అవతలి నుంచి అది కేకేసింది: "అమ్మా, ఆవాలు చిటపటలాడి ఆగిపోయాయి, మినప్పప్పు వెయ్యవేం?" పక్కనే నిలబడ్డ నేను ఆ సంగతి గమనించనే లేదు. ఆ సాయంత్రమే వంటగదిని దానికోసం సర్దడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ చూపు లేని పిల్లో పిల్లాడో ఉంటే, ముఖ్యంగా పిల్లాడైతే (మగపిల్లలకి వంటెందుకని ఇంకా దూరం పెడతాం కదా), ఈ నాలుగు మాటలూ మీకోసం.

ముందు ఏమీ కొనకండి. ఉన్న సామానుకి చోటు ఖాయం చెయ్యండి. ఉప్పు జాడీ పొయ్యికి కుడివైపు మూల అంటే ఏడాది పొడుగునా అక్కడే ఉండాలి. ఈ నియమం పిల్లకి కాదు, మనకి. హడావిడిలో నూనె సీసా ఇంకోచోట పెట్టేసేది మనమే. అల్మారా తలుపు సగం తెరిచి వదిలేదీ మనమే, అది తగిలేది పిల్ల నుదుటికి. చాకు సింకులో సబ్బు నీళ్ళలో పడేయడం ఇంటిల్లిపాదీ మానెయ్యాలి. గట్టు మీద అంచున్న పెద్ద స్టీలు పళ్ళెం ఒకటి పెట్టి, వంటకి కావలసినవన్నీ అందులోనే ఉంచుకోమనండి. ఒలికినా పళ్ళెంలోనే ఉంటుంది, వెతుక్కున్నా పళ్ళెంలోనే దొరుకుతుంది.

పోపుల పెట్టె గురించి బెంగ అక్కర్లేదు. ఆవాలు గుండ్రంగా జారిపోతాయి, జీలకర్ర సన్నగా పొడుగ్గా ఉంటుంది, మెంతులు పలకలుగా గట్టిగా తగులుతాయి, శనగపప్పు ఒకవైపు చదునుగా ఉంటుంది. వేలికి తెలియనివి పొడులు, పిండులు. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియడానికి నేను చేసిన పని ఒక్కటే, మెత్తటి ఉప్పు మానేసి రాళ్ళుప్పు జాడీలో పోశాను. కారం మాత్రం వాసన చూసి గుర్తుపట్టమనకండి, పాపం ఉక్కిరిబిక్కిరైపోతారు. కారం డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, ధనియాల పొడికి రెండు వేస్తే చాలు. బ్రెయిలీ వచ్చిన పిల్లలైతే దళసరి ప్లాస్టిక్ కాగితం మీద స్లేటు, స్టైలస్‌తో చుక్కలు పొడిచి, కత్తిరించి అంటించుకుంటారు. తెలుగుతో సహా మన భాషల్లో చాలావాటికి భారతీ బ్రెయిలీ ఉంది, అవే ఆరు చుక్కలు. ఒక్క అక్షరంతో సరిపెట్టకండి, పసుపుకీ పంచదారకీ రెండింటికీ 'ప'యే వస్తుంది. ఇంకో సంగతి: చీటీ డబ్బాకి అంటించాలి, మూతకి కాదు. కడిగి ఆరబెట్టాక మూతలు తారుమారవుతాయి.

గ్యాసా, ఇండక్షనా అని చాలామంది అడుగుతారు. ఇండక్షన్‌కి మంట లేదు, గిన్నె తీసేస్తే ఆగిపోతుంది, నిజమే. కానీ చాలా పొయ్యిలకి నున్నటి అద్దం మీద ముట్టుకుంటే పనిచేసే మీటలుంటాయి. ఏది ఎక్కడుందో వేలికి ఆనవాలు ఉండదు, తడుముతుంటేనే మారిపోతాయి. నొక్కితే కిందికి దిగే బటన్లున్నది కొనండి. లేదా ఆన్, పెంచేది, తగ్గించేది, ఈ మూడిటి పక్కన చిన్న బొడిపెలు అంటించండి. వండిన గిన్నె వేడికి అద్దమూ కాలుతుందని చెప్పి ఉంచండి. నా మట్టుకు నేను గ్యాసు కూడా నేర్పమనే అంటాను, రేపు చుట్టాలింటికెళ్ళినా అద్దెగదిలో ఉన్నా ఎదురయ్యేది అదే. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు బర్నరునీ, దాని చుట్టూ ఉన్న స్టాండునీ చేత్తో తడిమి గుర్తుపెట్టుకోనివ్వండి. గిన్నె ముందు, మంట తరవాత: ఇది తప్పకూడని వరస. ఆపేసినప్పుడూ సిమ్‌లో ఉన్నప్పుడూ నాబ్ ఎటు తిరిగి ఉంటుందో అక్కడ ఒక్కో బొడిపె పెట్టండి. వెలిగాక గిన్నె ఎక్కడుందో చేత్తో కాదు, పొడుగాటి చెక్క గరిటెతో తడిమి చూసుకోవాలి. జుట్టు ముడి వేసుకుని, చున్నీ తీసి పక్కన పెట్టి, నూలు బట్టలతోనే పొయ్యి దగ్గరికి రావాలి. గ్యాసు కారితే తెలియడానికే అందులో ఆ ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరవడం, వంటకంటే ముందు నేర్పవలసిన పాఠం.

కొన్ని వస్తువులు అసలు చూపుతో పనిలేకుండానే తయారయ్యాయి. కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టడానికి కళ్ళెవరు వాడతారు? ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు మీట టక్కున పైకి లేస్తే అన్నం అయినట్టే. పాలకి రెండు పొరల మధ్య నీళ్ళు పోసే మిల్క్ కుక్కరుంది, పాలు కాగాక ఈల వేస్తుంది, పొంగవు, మాడవు. అన్నానికి నీళ్ళు బియ్యం మీద వేలి కణుపు లెక్కన మన అమ్మమ్మలు పోసినట్టే. గిద్ద, సోల, తవ్వ అని కొలపాత్రలతో వంట చేసినవాళ్ళం, కొలతకి చెయ్యి చాలదా! వేడి టీ మాత్రం వంచి పోయనివ్వకండి, గరిటెతో గ్లాసులోకి తీసుకోవడం నేర్పండి. గ్లాసు అంచుకి తగిలిస్తే, నిండబోయేటప్పుడు కూత పెట్టే చిన్న పరికరం కూడా ఉంది. పొట్లం మీది అక్షరాలు చదివిపెట్టే సీయింగ్ ఏఐ, అవతలి మనిషి వీడియోలో చూసి చెప్పే బీ మై ఐస్ లాంటివి ఫోన్లోకి ఉచితంగా వస్తాయి.

కూరలు తరగడానికి కత్తిపీట వద్దు. అందులో అంచు కదలదు, చెయ్యే దాని మీదికి వెళ్ళాలి. చిన్న చాకు, పదునైనదే ఇవ్వండి, మొద్దుది జారుతుంది. తరిగే పలక కింద తడిగుడ్డ పరవండి. కాయని పట్టుకున్న వేళ్ళు లోపలికి ముడిచి, చాకు పక్కతలం కణుపులకి ఆనించి తరగాలి. ఉల్లిపాయని సగానికి కోసి చదును వైపు కిందికి పెడితే దొర్లదు. కాస్త చూపు మిగిలిన పిల్లలూ ఉంటారు. వాళ్ళకి ఉల్లిపాయ నల్లపలక మీద, ఆకుకూర తెల్లపలక మీద తరిగితే తేలిగ్గా తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టమైంది మన మాట మార్చుకోవడం. మన వంటంతా రంగుల్లోనే చెబుతాం: ఎర్రగా వేగాక, బంగారు రంగు వచ్చాక, అని. మా అమ్మాయికి చెప్పడానికి నేనే కళ్ళు మూసుకుని వండి చూశాను. ఉల్లిపాయల్లో నీరున్నంతసేపూ పొయ్యి మీద గట్టిగా చప్పుడొస్తుంది, అది సన్నగిల్లి తియ్యటి వాసన మొదలైతే వేగినట్టు. రవ్వ వేగితే గరిటెకి తేలిగ్గా, పొడిపొడిగా కదులుతుంది. నాలుగు వేరుశనగ గింజలు చల్లార్చి నలిపినప్పుడు పొట్టు ఊడొచ్చేస్తే వేగినట్టే. నేర్పేటప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని లాగకండి. మీ చేతి మీద తన చెయ్యి వేయించుకుని మీరు కలపండి, ఇష్టమైనప్పుడు తీసేసుకునే వీలు తనకుంటుంది.

మజ్జిగ కలపడం, పెరుగుపచ్చడి లాంటి నిప్పులేని పనులతో మొదలుపెట్టి, అన్నానికీ ఆ తరవాత పోపుకీ రండి. ఎప్పుడో ఒకసారి కాలుతుంది. మనకీ కాలింది. కుళాయి కింద 10 నుంచి 20 నిమిషాలు పెట్టించండి, టూత్‌పేస్టు రాయకండి. "ఇందుకే వద్దన్నాను" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. భయం మరీ ఎక్కువైతే క్రిస్టీన్ హా గురించి వినండి. చూపు పోయిన ఆవిడ, 2012లో అమెరికా మాస్టర్‌షెఫ్ పోటీలో గెలిచింది.

పిల్ల చేసిన మొదటి చారు తిని మీరేమంటారో ముందే అనుకుని ఉంచుకోండి. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పండి, చూపున్న పిల్లకి ఎలా చెబుతారో అలాగే. నేను ముద్దులో పడి "అమృతం" అన్నాను. అది గిన్నె వాసన చూసి, "ఇంగువ వెయ్యలేదమ్మా, నీకు తెలియలేదా?" అని లేచి, ఇంగువ డబ్బా దాని చోటి నుంచి తీసుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికెళ్ళింది.