అతుకు పనిచేయుచున్నదా?

చినిగిన వస్త్రమునకు మాసిక వేయుదుము. విమానపు రెక్క పగిలినచో నేమి చేయవలెను? నేటి విమానములు పెక్కింటి రెక్కలు సన్నని కర్బనపు పోగులను ఎపాక్సీ జిగురుతో గట్టిపరచిన మిశ్రమ పదార్థముతో చేయబడుచున్నవి. బోల్టులకై రంధ్రములు పొడిచినచో పోగులు తెగును. కావున పగిలినచోట అట్టి పదార్థపు అతుకునే జిగురుతో అంటించుట కలదు.

అయితే జిగురు లోపల విడినను పైకి కానరాదు. దాని నెరుగుటకు సాగుదలను కొలువవలెను. 1 మీటరు బద్ద 1 మిల్లీమీటరు సాగినచో, వేయింట నొక వంతు సాగినదన్నమాట. ఈ వంతునే వికృతి యందురు.

తీగ సాగినపుడు దాని విద్యున్నిరోధము మారునని 1856లో విలియం థామ్సన్ చూపెను. ఈయనయే తరువాత కెల్విన్ ప్రభువాయెను. 1938లో అమెరికా దేశమున ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరువేరుగా, సన్నని తీగను వస్తువునకే అంటించి వికృతిని కొలుచు సాధనమును కల్పించిరి.

ఇట్టి సాధనమును అతుకు అంచుచెంత నొకటి, దూరముగా రెక్కపై నొకటి అంటింతము. జిగురు బాగున్నంతకాలము రెక్క మోయు బలములో కొంత అతుకునకు చేరును. రెండు వికృతుల నిష్పత్తి ఇంచుమించు మారదు. అంచున జిగురు విడినచో బలము అచ్చటికి చేరదు. అతుకు వికృతి తగ్గును.

కావున సాగని అతుకును చూచి గట్టిదని సంతసింపరాదు. అది తన పని మానినదని మన మెరుగవలెను.