బండి ఆగినా బుర్ర ఆగకూడదు

1888 ఆగస్టు. జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఒక తల్లి ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ప్రయాణం కట్టింది. ఎక్కింది మామూలు గుర్రబ్బండి కాదు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండి. ఆయనకు చెప్పలేదు కూడా. వెళ్లాల్సింది నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న పుట్టింటి ఊరు ఫోర్జైమ్‌కి. ఆమె పేరు బెర్తా బెంజ్. దారిలో పెట్రోలు బంకుల్లేవు, మెకానిక్ షెడ్లు లేవు. ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్ను తీసి పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి తోలు వేయించింది. ఇంధనం అయిపోవస్తే వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసింది. ఆ రోజే ఊరు చేరింది.

ఆమె ఇంజినీరింగ్ చదవలేదు. కానీ బండి ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఈ రోజు మనకు కారుంది, లైసెన్సుంది, నెలనెలా కట్టే ఈఎంఐ ఉంది. బానెట్ ఎలా తెరవాలో మాత్రం చాలామందికి తెలియదు. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్‌ప్లాజా దాటాక కారు మొరాయిస్తే మనం చేసే మొదటి పని బావమరిదికి ఫోన్ చేయడం. ఆయనేమో వైజాగ్‌లో ఉంటాడు!

ఆపదలో నిబ్బరం ఎవరికీ పుట్టుకతో రాదు. అంతకుముందు తీరిక రోజుల్లో నేర్చుకున్న చిన్న చిన్న పనులే ఆ క్షణంలో నిబ్బరంగా మారతాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే అలవాటు మానుకుంటే చాలు, సగం భయం పోతుంది.

నెలకో ఆదివారం, పావుగంట

టైర్లతో మొదలుపెట్టండి. మీ కారుకు ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే ఆ పక్కన అంటించిన స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఇద్దరు ఎక్కితే ఒక అంకె, కారు నిండా జనం, సామాను ఉంటే ఇంకో అంకె. బంకులో కుర్రాడు "ఎంత కొట్టమంటారు సార్?" అని అడిగితే "నువ్వే చూడు" అనకండి. అంకె మీరే చెప్పండి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి నడిపేవాళ్లున్నారు. అది తలకిందుల లెక్క. గాలి తగ్గితే టైరు పక్క గోడలు ఎక్కువగా వంగి లేస్తూ వేడెక్కుతాయి. మే నెలలో కర్నూలు, అనంతపురం రోడ్ల మీద అలాంటి టైరే ముందు పేలేది. నైట్రోజన్ నింపితే మంచిదే గానీ, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది నింపారన్న దాని కన్నా సరిగ్గా ఎంత ఉందన్నదే ముఖ్యం. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరుకు సెలవిచ్చేయండి. గాడి మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి, అవి టైరు పైభాగంతో సమానమయ్యాయంటే గడువు తీరినట్టే. స్టెప్నీని మర్చిపోకండి. గాలి లేని స్టెప్నీ డిక్కీలో అదనపు బరువు మాత్రమే.

తర్వాత బానెట్ ఎత్తండి. కారు సమతలం మీద ఉండాలి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు గడవాలి. డిప్‌స్టిక్ బయటికి తీసి తుడిచి, మళ్లీ ముంచి తీయండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉంటే క్షేమం. కూలెంట్ డబ్బా మీద, బ్రేక్ ఆయిల్ డబ్బా మీద కూడా అలాగే రెండు గీతలుంటాయి. మూత తీయకుండానే బయటినుంచి చూడొచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే వేడికి ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నొక్కినా బ్రేకు పట్టదు. అందుకే చూడటానికి నిండుగా ఉన్నా, మాన్యువల్‌లో చెప్పిన గడువుకు మార్పించాలి. బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది. మన ఎండలకు ఆ ఆయుష్షు తగ్గుతుంది. పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా మూలుగుతోందంటే నోటీసు ఇచ్చిందనుకోండి. ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ ఆయిల్ గొడవ లేదు గానీ టైర్లు, బ్రేకులు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ దానికీ ఉంటాయి. అందులో నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం పోకండి. వాటిలో ప్రాణం తీసేంత కరెంటు పారుతుంది.

ఎర్ర దీపానికి తలవంచండి

డ్యాష్‌బోర్డు మీద దీపాలకు ఒకే సూత్రం. పసుపు వెలిగితే త్వరగా చూపించుకోండి. ఎరుపు వెలిగితే ఆపండి. నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగిందంటే ఇంజిన్‌కు ఆయిలు అందడం లేదని అర్థం. "ఇంకో పది కిలోమీటర్లేగా, ఊరొచ్చేస్తుంది" అని లాగితే ఇంజిన్ సీజ్ అవుతుంది. ఆపి, లారీ మీద ఎక్కించి షెడ్డుకు చేర్చినా ఖర్చు వేలల్లోనే. మొండిగా నడిపితే లక్ష దాటొచ్చు. చిన్న హెచ్చరికను వినేవాడు పెద్ద నష్టాన్ని తప్పించుకుంటాడు. ఒంట్లో షుగరుకైనా కారులో ఆయిలుకైనా ఇదే న్యాయం.

ముందు మనుషులు, తర్వాతే కారు

హైవే మీద కారు ఆగింది. మొదట ఏం చేయాలి? బానెట్ ఎత్తడం కాదు. ఈ వరస నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి.

ఒకటి: వేగం ఉండగానే హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకు, వీలైతే రోడ్డు దిగిపోయేలా తీసుకెళ్లండి.

రెండు: ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచి అందరినీ దింపండి. పిల్లలను, పెద్దవాళ్లను క్రాష్ బారియర్ అవతలకు పంపండి. ఆగిన కారులో ఏసీ వేసుకుని కూర్చోవడం చాలా ప్రమాదం. వెనక వచ్చే లారీ డ్రైవరు మీ కారు కదులుతోందనుకుంటాడు.

మూడు: కారుతో పాటు ఇచ్చిన ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు వెనక నిలబెట్టండి. వేగం ఎక్కువున్న హైవే అయితే ఇంకా వెనక్కి. కొమ్మలు విరిచి, బండరాళ్లు పేర్చి వదిలేసి వెళ్లడం మన రోడ్ల మీద పాత జబ్బు. రాత్రి బైకు మీద వచ్చేవాడి ప్రాణానికి ఆ రాయే ముప్పు.

నాలుగు: ఇప్పుడు ఫోన్ తీయండి. జాతీయ రహదారి మీదైతే 1033. పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ ఏది కావాలన్నా ఆ నంబరే. గాయాలుంటే 108, ఏ అత్యవసరానికైనా 112. మీ బీమా కంపెనీ రోడ్ సైడ్ అసిస్టెన్స్ నంబరు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయే రోజు కూడా అదే కావచ్చు. ఎక్కడున్నారో చెప్పడానికి పక్కనున్న కిలోమీటరు రాయి మీద అంకె చాలు.

చక్రం మార్చడం వాకిట్లో నేర్చుకోండి

తొలిసారి స్టెప్నీ మార్చడం చీకట్లో, వానలో, నల్లమల రోడ్డు మీద కాకూడదు. ఏదో ఒక సెలవు రోజు ఇంటి ముందే ఒకసారి మార్చి చూడండి. గట్టి నేల, హ్యాండ్‌బ్రేక్, ఫస్ట్ గేరు, ఎదుటి చక్రాలకు రాళ్ల అడ్డు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. జాకీ ఎక్కించాక పానా వేసి బలంగా తిప్పితే కారు ఊగి జారిపోతుంది. జాకీ ఎక్కడ పెట్టాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. జాకీ మీదున్న కారు కిందికి చెయ్యి గానీ ఒళ్లు గానీ పోనివ్వకండి. కొత్త చక్రం నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. కిందికి దింపాక మళ్లీ గట్టిగా బిగించాలి. స్టెప్నీ సన్నగా, మిగతా వాటికన్నా చిన్నగా ఉంటే దాని మీద రాసిన వేగ పరిమితి దాటకండి.

కారు కొనేటప్పుడు ఇంకో సంగతి చూసుకోండి. 2020లో మారిన నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. మీ కారులో స్టెప్నీ ఉందో, కిట్ ఉందో రోడ్డు మీద కాదు, షోరూంలోనే తెలుసుకోండి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే వెంటనే పీకేయకండి. అదే గాలిని చాలావరకు ఆపుతుంది. మెల్లగా పంక్చర్ షాపు దాకా వెళ్లొచ్చు.

ఈ పాఠం ఇంట్లో మగవాళ్లకే పరిమితం చేయకండి. మీ అమ్మాయి కారు నడుపుతుంటే ముందు ఆమె చేతికి పానా ఇవ్వండి.

నాలుగు గండాలు, నాలుగు మందులు

టైరు పేలితే: బ్రేకు మీద గట్టిగా కాలేయకండి. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని తిన్నగా ఉంచండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు నెమ్మదిగా తీయండి. వేగం తగ్గాకే పక్కకు.

బ్రేకులు పట్టకపోతే: పెడల్‌ను గబగబా పలుమార్లు నొక్కండి, ఒత్తిడి మళ్లీ రావచ్చు. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగండి. ఒక్కసారే లాగితే వెనక చక్రాలు జారి కారు గిర్రున తిరుగుతుంది. శ్రీశైలం, పాడేరు ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఈ గండాన్ని కోరి తెచ్చుకుంటున్నారు. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంటే సగం బ్రేకు ఇంజినే వేస్తుంది.

ఇంజిన్ మరిగితే: ఏసీ కట్టేసి, హీటరు పూర్తిగా పెట్టి పక్కకు రండి. హీటరు ఇంజిన్‌లోని కొంత వేడిని బయటికి లాగుతుంది. ఇంజిన్ ఆపేసి కనీసం అరగంట ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే సలసలమనే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

కారు నీట మునిగితే: సెల్ఫ్ కొట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి కారు స్టార్ట్ చేస్తే ఇంజిన్ లోపలికి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, ఎందుకంటే గాలిలా నీరు అణగదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు బీమా పాలసీలు చాలావరకు ఈ నష్టాన్ని చెల్లించవు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకుని ఉండాలి. బ్యాటరీ వైరు ఊడదీయించి, లారీ మీద ఎక్కించి షెడ్డుకు పంపండి.

అడగడం చేతకానితనం కాదు

అన్నీ మనమే చేయాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఏది మన పని, ఏది మెకానిక్ పని అన్న గీత తెలియడమే నేర్పు. మీకు కొంచెం తెలిస్తే మెకానిక్‌తో మాట తీరు మారుతుంది. "ఏదో శబ్దం వస్తోందన్నా" అనడానికి, "బ్రేకు తొక్కినప్పుడే ముందు ఎడమ చక్రంలో కీచుమంటోందన్నా" అనడానికి తేడా బిల్లులో కనిపిస్తుంది.

ఇతరుల కారు ఆగినప్పుడు, ముఖ్యంగా ప్రమాదం జరిగినప్పుడు పక్కనుంచి తప్పుకుని పోకండి. సాయం చేస్తే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ మంచి మనసుతో ఆదుకున్నవారికి రక్షణ ఇస్తోంది. క్షతగాత్రుడిని ఆస్పత్రిలో చేర్చినవారిని పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

కారు నడపడం నేర్పే స్కూళ్లు వీధికొకటున్నాయి. కారు ఆగినప్పుడు ఏం చేయాలో నేర్పేవాళ్లు తక్కువ. ఆ బాధ్యత మీరే తీసుకోండి. వచ్చే ఆదివారం బానెట్ ఎత్తండి, స్టెప్నీలో గాలి చూడండి, 1033 నంబరు ఇంటిల్లిపాది ఫోన్లలో ఎక్కించండి. పావుగంటలో అయిపోయే పని. ఆ పావుగంట కేటాయించలేనివాడు రోడ్డు మీద గంటలు కేటాయించక తప్పదు.