కనుపాపలో తెలుపు

రాత్రివేళ దీపకాంతి సోకినప్పుడు పిల్లికన్ను మెఱయుట మీరందఱును చూచియుందురు. పసిబిడ్డ కనుపాప అట్లే తెల్లగా మెఱసినయెడల పిల్లికండ్లు వచ్చినవని నవ్వి యూరకుండువారు మన పల్లెలలో నేటికిని కలరు. ఆ తెలుపు కొన్ని వేళల రెటినోబ్లాస్టోమా యను కంటి కేన్సరునకు తొలి గుఱుతు. పెద్దలు రాచపుండని చెప్పుకొను వ్యాధి రెండేండ్ల పసివాని కంటిలో పుట్టునా యని మీరు శంకింపవచ్చును. పుట్టును. సుమారు 16,000 మొదలు 18,000 జననములకు ఒకటి చొప్పున ఇది కానవచ్చుచున్నది. వేళకు కనుగొని చికిత్స చేసినచో నూటికి 95 మందికి పైగా బిడ్డలు బ్రదుకుదురు. ఆలస్యమైనచో కంతి నేత్రనాడి వెంట మెదడునకు ప్రాకును.

కంటి లోపలి గోడను కప్పియుండు సన్నని పొరకు రెటీనా యని పేరు. ఈ కంతి పుట్టుచోటు అదియే. 1971లో ఆల్ఫ్రెడ్ నూడ్సన్ అను అమెరికా వైద్యుడు 48 మంది రోగుల వృత్తాంతములను లెక్కగట్టి, దీని పుట్టుకను గూర్చి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. మన కణములలో ఈ కంతిని అడ్డగించు జన్యువునకు రెండు ప్రతులుండును. రెండును చెడినగాని వ్యాధి సామాన్యముగా పుట్టదు. కొందఱు బిడ్డలు ఒక ప్రతి చెడియే జన్మింతురు. అట్టివారి రెటీనాలో ఏదేని యొక కణమున మిగిలిన ప్రతియు చెడుటయే చాలును. కావుననే వారికి రెండు కండ్లకును వ్యాధి రావచ్చును. ఒక కంతి మాడిపోయిన పిమ్మట వేఱొకచోట క్రొత్తది మొలవవచ్చును. బిడ్డ ఆడుచు పాడుచు నున్నను వైద్యులు మరల మరల రమ్మనుటకు కారణమిదియే. తోబుట్టువుల కండ్లను సైతము చూపించుడని చెప్పుదురు.

ఆ పరీక్ష ఎట్లు జరుగునో మీరెఱుగవలెను. మెలకువగా నున్న పసివాడు కన్ను కదలింపక యుండజాలడు. కావున మత్తు ఈయవలెను. మత్తునకు ముందు ఆఱు గంటలు పోతపాలు, రెండు గంటలు మంచినీళ్లు సైతము మాన్పింపవలెను. ఆకలికి ఏడ్చు బిడ్డను ఎత్తుకొని తిరుగు తల్లికి ఆ గంటలు ఎంత దీర్ఘములో చెప్పనక్కఱలేదు. చుక్కలమందుతో కనుపాపను విప్పార్చి, వైద్యుడు నొసట దీపము ధరించి, చేత కటకము పట్టి, కంటిగుడ్డును మెల్లగా నొక్కుచు రెటీనా అంచులవఱకు చూచును. చిన్న కంతి కనబడినచో లేజరుతోగాని, అతిశీతలముచే గడ్డకట్టించిగాని దానిని అప్పుడే నశింపజేయుదురు. పెద్దదైనచో నరములగుండ మందులెక్కింపవలెను. వానిలో విన్‌క్రిస్టీన్ అనునది మన పెరటి బిళ్ళగన్నేరునుండి లభించినదే. అదియు చాలనిచోట ప్రాణరక్షణకై కన్ను తీసివేయుదురు. చికిత్స సాగుచున్న బిడ్డకు సామాన్యముగా మూడు నాలుగు వారముల కొకమాఱు ఈ పరీక్ష జరుగవలెను.

ఇట్టి నియమము నడుమ కరోనా వచ్చిపడెను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25నుండి దేశమంతట లాక్‌డౌను. రైళ్లు, బస్సులు నిలిచిపోయినవి. మన డెల్టానుండి ఈ వ్యాధికై హైదరాబాదునకు, ముఖ్యముగా 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థకు పోవువారు కలరు. అవనిగడ్డ చెంత నొక కౌలురైతు కుటుంబమును ఊహింపుడు. చల్లపల్లి, పామఱ్ఱు, ఉయ్యూరు మీదుగా విజయవాడ చేరవలెను. అచ్చటినుండి హైదరాబాదు సుమారు 270 కిలోమీటర్లు. గరికపాడు వద్ద రాష్ట్రపు సరిహద్దు తనిఖీ. అత్యవసర చికిత్సకై పోవువారిని శాసనము ఆపలేదు, నిజమే. కాని అనుమతిపత్రము సంపాదించుట, కారు కుదుర్చుకొనుట, ఆ బాడుగ సమకూర్చుకొనుట కూలిపనులు సైతము నిలిచిన దినములలో తేలికయా? బిడ్డ చూపులకు ఆరోగ్యముగా నుండెను. ప్రయాణములో కరోనా సోకునేమో యని భయము. మందులవలన తెల్లకణములు తగ్గిన బిడ్డవిషయమున ఆ భయమును తెలివిమాలినదని మేమనజాలము. కాని వారము వెంబడి వారము వాయిదా వేసిన తల్లిదండ్రులకు కంటిలోపల జరుగునది తెలియు మార్గము లేకుండెను.

మార్చి 25ననే ఫోనుద్వారా వైద్యసలహా లిచ్చుటకు కేంద్రప్రభుత్వము నియమావళిని ప్రకటించెను. జ్వరమునకు, దగ్గునకు అది యెంతయో మేలు చేసినది. రెటీనా అంచున నున్న క్రొత్త చుక్కను ఫోను చూపజాలదు. చిత్రమేమనగా, ఫోనుతో తీసిన ఛాయాచిత్రమునందే, మెఱుపుదీపమువలన ఒక కన్ను ఎఱ్ఱగాను, ఒకటి తెల్లగాను పడుటచే, కొన్ని తావుల ఈ వ్యాధి మొదట బయటపడుచున్నది. అట్టి చిత్రము మీ యింట కనబడినయెడల, క్రొత్తగా మెల్లకన్ను వచ్చినయెడల, తెల్లవాఱగనే కంటివైద్యునికి చూపుడు. ఛాయాచిత్రపు తెలుపు ప్రతిమాఱును వ్యాధి కాదు. చూచి చెప్పవలసినవాడు వైద్యుడు.

జూన్ 1నుండి గోదావరి ఎక్స్‌ప్రెస్సువంటి కొన్ని రైళ్లు తిరిగినవి. రెండు తెలుగు రాష్ట్రముల ఆర్.టి.సి. బస్సులు సరిహద్దు దాటుటకు నవంబరు 2వఱకు వేచియుండవలసి వచ్చెను. నాలుగు వారముల కొకటి చొప్పున లెక్కించినచో, మార్చినుండి ఆ నాటికి ఒక బిడ్డకు ఎనిమిది పరీక్షలు జరిగియుండవలెను.