క్వై నదీతీరము

థాయిలాండు దేశమునకు పూర్వము సయామని పేరు. దాని రాజధానియైన బాంకాకునకు పడమరగా నున్న కాంచనబురి పట్టణమును ఇటీవల మేము దర్శించితిమి. ఆ పేరు మన కాంచనపురియే. ఇచ్చట క్వై యాయి, క్వై నోయి యను రెండు నదులు సంగమించి, మేక్లాంగ్ నదియై సముద్రమునకు పారుచున్నవి.

ఈ తీరమునకు ప్రసిద్ధి తెచ్చినది రెండవ ప్రపంచ యుద్ధము. బర్మాయందలి జపాను సేనలకు సామగ్రి పంపు సముద్రమార్గము జలాంతర్గాములవలన అపాయకరమయ్యెను. అందుచేత వారు 1942లో కొండలను, అడవులను ఛేదించి 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయ నారంభించి, 1943 అక్టోబరులో ముగించిరి. పనిలో అధికభాగము సుత్తులతోను, పారలతోను, గంపలతోను జరిగెను. నదిపైనున్న యినుప వంతెన 1945లో బాంబులచే విరిగెను. అందలి వంపు కమానులు పాతవి. కోణాకృతిగల రెండును యుద్ధానంతరము వేసినవి. నేటికిని దానిమీద రైలు నడచుచున్నది.

ఇచ్చట పనిచేసిన సుమారు 60,000 మంది యుద్ధఖైదీలలో 12,000 మందికి పైగా మరణించిరి. పట్టణమందలి శ్మశానవాటికలో దాదాపు 7,000 సమాధులు గలవు. పచ్చికయు, పువ్వులును శ్రద్ధతో పెంచబడుచున్నవి. రాళ్లపై పేరు, దళము, వయస్సు చెక్కబడియున్నవి. ఆ వరుసల నడుమ నడచుచుండగా మాకొక ప్రశ్న తోచెను: మరి కూలీల సమాధు లెక్కడ?

ఖైదీలకంటె ఎన్నోరెట్లు అధికముగా, రమారమి రెండు లక్షలమంది కూలీలు బర్మా, మలయా, జావాలనుండి తేబడిరి. మలయా రబ్బరు తోటల తమిళులతోబాటు తెలుగువారును అందుండిరి. కొందరిని కూలి యాశ చూపియు, కొందరిని బలవంతముగాను తెచ్చిరి. ఆకలి, కలరా, మలేరియా వారిని హరించెను. మృతులు రమారమి 90,000 మంది యని పలువురు చరిత్రకారుల యంచనా. ఖైదీలలో లెక్క వ్రాయు అధికారులుండిరి; కూలీలకు అట్టివారు లేరు. కావున వారిలో అనేకుల పేర్లు ఏ రాతిమీదను లేవు.

క్వై యాయి లోయలో ఏడంతస్తుల ఎరావాన్ జలపాతము గలదు. ఎరావాననగా మన ఐరావతమే. సున్నపురాతి కొండలనుండి దిగు నీరు నీలిపచ్చగా మెరయుచుండును. అంతటి దుఃఖము చూచిన ప్రాంత మిదియేనా యని మేము విస్మయపడితిమి.

విద్యార్థులారా, ఈ మార్గమును పటమునందు గుర్తింపుడు. మీ వంశములో మలయాకు వెళ్లి తిరిగిరాని పెద్దలుండిరేమో యింట విచారింపుడు. ఉన్నచో, వారి పేరు ఒక పుస్తకమందు వ్రాసి యుంచుడు. రాయి లేనివారికి అదియే రాయి.